అద్దానికి సిలికాన్ పూయించినా వానకి పికప్ క్యాబిన్ తడుస్తూనే ఉంది, ఏం చేయాలి?

పేరు రాయొద్దని కోరిన ఒక పాఠకుడి ఉత్తరం ఇది. చాలా వివరంగా రాశారు, ముఖ్యమైన సంగతులు నా మాటల్లో చెబుతాను. ఆయన దగ్గర నాలుగు తలుపుల పికప్ ఉంది. కిందటేడు భార్య వాళ్ళ అన్నయ్య దగ్గర కొన్నారు. పనికి సరుకు వేసుకెళ్ళేది అదే, ఇంట్లో వాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా అదే. ఎండ రోజుల్లో ఏ ఇబ్బందీ లేదు. రాత్రి గట్టి వాన పడిందంటే మాత్రం తెల్లారేసరికి వెనక సీటు కింద కార్పెట్ తడిసి ముద్దయిపోతోంది, డ్రైవరు పక్క సీట్లో కాళ్ళ దగ్గర కూడా అప్పుడప్పుడు చెమ్మ తగులుతోంది. మొదట తలుపు రబ్బరు పాడైందనుకుని వెనక తలుపు బీడింగ్ మార్పించారు, తగ్గలేదు. తర్వాత ఒక మెకానిక్ ముందు అద్దం చుట్టూ సిలికాన్ పట్టించాడు. కొన్నాళ్ళు తగ్గినట్టే అనిపించి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు లోపలంతా బూజు వాసన, పొద్దున్నే అద్దాలకి లోపలివైపు ఆవిరి, చిన్న పిల్లాడికి బండెక్కితే తుమ్ములు. ఈమధ్య ఎయిర్‌బ్యాగ్ లైటు కూడా వెలిగి ఆరిపోతోందట.

అసలు గొడవ ఇంకొకటి ఉంది. వెనక అద్దం పైన ఉండే బ్రేక్ లైటు చుట్టూ ఎప్పుడో పూసిన పాత సిలికాన్ ఈయన కంట పడింది. "మీ అన్నయ్యకి ముందే తెలుసు, చెప్పకుండా మనకి అంటగట్టాడు" అని భార్యతో అనేశారు. ఆవిడ బాగా నొచ్చుకుంది. బావగారితో మాటలు తగ్గిపోయాయి. వాన వస్తుందంటేనే ఇంట్లో టెన్షన్ మొదలవుతోందని రాశారు. బండి అమ్మేయాలా, మొత్తం విప్పించి బాగు చేయించాలా, బావగారిని నిలదీయాలా, అసలు నీళ్ళు ఎక్కడినుంచి వస్తున్నాయో తెలుసుకునే దారి ఏదైనా ఉందా అని అడిగారు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముందుగా ఎయిర్‌బ్యాగ్ లైటు సంగతి, ఎందుకంటే మిగతావి ఆగగలవు, ఇది ఆగదు. చాలా బండ్లలో సీట్ల కింద, కార్పెట్ కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి, కొన్నింట్లో కంట్రోల్ యూనిట్లు కూడా అక్కడే పెడతారు. పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగ్‌కీ సీటు బెల్టుల టెన్షనర్లకీ (ప్రమాదంలో బెల్టుని బిగించి పట్టేవి) సంబంధించినవి. వాటిలోకి తడి పోతే పిన్నులు పచ్చబడి తుప్పు పడతాయి, లైటు అలా వెలిగి ఆరుతుంటుంది. మీ బండిలో కారణం ఇదేనని చూడకుండా చెప్పలేను గానీ, లైటు వెలిగి ఉన్నప్పుడు ప్రమాదం జరిగితే ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండి కాబట్టి ఈ వారంలోనే వర్క్‌షాపులో బండి కంప్యూటర్‌ని స్కాన్ చేయించి ఏ లోపం కోడ్ వస్తోందో రాయించుకోండి. ఆ కాగితం జాగ్రత్త చేయండి, లీకు పోయాక మళ్ళీ స్కాన్ చేయించినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తుంది. ఆ కనెక్టర్లని మీరే పీకి గుడ్డతో తుడిచే పని మాత్రం పెట్టుకోకండి.

ఇక నీళ్ళ సంగతి. ఇప్పటిదాకా మీరు చేయించిన రెండు రిపేర్లూ అంచనా మీద చేయించినవి. తడి తలుపు దగ్గరుంది కాబట్టి తలుపు, వాన ముందు నుంచి కొడుతుంది కాబట్టి ముందు అద్దం. ఎవరైనా అలాగే అనుకుంటారు. కానీ ఇంటి కప్పు కారినప్పుడు చుక్క పడేచోటికి సరిగ్గా పైనే పెంకు పగిలి ఉండదు కదా, నీరు వాసం పట్టుకుని ఎక్కడికో జారి అక్కడ రాలుతుంది, క్యాబిన్‌లో కూడా అంతే. పైకప్పు రేకు కింద అడ్డంగా బద్దీలు ఉంటాయి, మూలల్లో లోపల బోలుగా ఉండే స్తంభాలుంటాయి, వాటన్నిటినీ లైనింగ్, ప్లాస్టిక్ ప్యానెళ్ళు కప్పేస్తాయి. నీరు ఆ చాటునే దిగి, నేలమీద ఎక్కడ పల్లం ఉంటే అక్కడ నిలుస్తుంది. అంటే కార్పెట్ తడిసిన చోటు మీకు పల్లం ఎక్కడుందో చెబుతుంది, కన్నం ఎక్కడుందో చెప్పదు. మీరు బండి నిలిపే చోటు ఏటవాలుగా ఉందా అన్నది రాయలేదు. ముక్కు పైకి ఉండేలా నిలిపితే ముందు నుంచి వచ్చిన నీళ్ళు కూడా వెనక సీటు కిందే చేరతాయి. ఒక వానకి ఎప్పటిలాగే నిలిపి, ఇంకో వానకి అదే చోట బండిని తిప్పి నిలిపి చూడండి. తడి చోటు మారిందంటే లోపల నీరు పారుతోందని అర్థం. ఎటు తిప్పి నిలిపినా వెనకే తడుస్తోందంటే వెనకవైపు మీద అనుమానం గట్టిపడుతుంది.

ఇంకో సంగతి. మీరు రెండు చోట్ల తడి అంటున్నారు, వాటికి కారణం ఒకటే అని ఎవరూ చెప్పలేదు. ముందు కాళ్ళ దగ్గరి చెమ్మ అసలు వాననీరే కాకపోవచ్చు. ఏసీ నడిచినప్పుడు లోపల ఊరే నీరు ఒక చిన్న పైపు గుండా బండి కిందకి కారాలి. ఆ పైపు మట్టితో పూడిపోతే ఆ నీరు వెనక్కి తన్ని చాలా బండ్లలో డ్రైవరు పక్క సీటు వైపే కార్పెట్ మీదకి వస్తుంది. ఉక్క రోజున ఏసీ కాసేపు నడిపి కిందకి వంగి చూడండి, చుక్కలు రోడ్డు మీద పడుతుంటే పైపు బాగున్నట్టు. పొడిరోజు ఏసీ వేసుకుని తిరిగినా కార్పెట్ తడుస్తుంటే దోషం వానది కాదు. ఇక కాలికి తగిలే తడి జిగురుగా ఉండి, కొంచెం తియ్యటి వాసన వేస్తూ, ముందు అద్దానికి లోపల జిడ్డు పొరలా పడుతుంటే అది కూలెంట్, అంటే ఇంజనుని చల్లబరిచే ద్రవం, దాని వేడితో క్యాబిన్‌కి వెచ్చగాలి ఇచ్చే హీటర్ కోర్ కారుతోందన్నమాట. ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం గుర్తుపెట్టుకుని కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే తేలిపోతుంది. ఈ రెండిటినీ పక్కన పెట్టాకే వాన మీద పడదాం, లేకపోతే ఒక లీకు మూసినా రెండోది తడుపుతూనే ఉంటుంది, మీరేమో చేసిన రిపేరు పనిచేయలేదనుకుని దాన్ని మళ్ళీ విప్పుతారు.

వాన నీరే అని తేలితే ముందువైపు నేను మొదట చూసేది వైపర్ల కింద ఉండే ప్లాస్టిక్ జల్లెడ. చెట్టు కింద నిలిపే బండ్లకి దాని అడుగున ఆకులు చేరి నీరు పోయే దారులు మూసుకుపోతాయి. ఆ నీరు నిండి, బ్లోయర్ గాలి పీల్చుకునే నోట్లోంచి లోపలికి దిగుతుంది. గ్లవ్ బాక్స్ వెనక క్యాబిన్ ఫిల్టర్ ఉండే బండి అయితే దాన్ని తీసి చూడండి, తడిసి ఉన్నా, దానిమీద ఆకు ముక్కలు, ఎండిన నీటి చారలు ఉన్నా దాదాపు దొరికినట్టే. దీనికి సీలెంట్ అక్కర్లేదు, శుభ్రం చేసి కాసిని నీళ్ళు పోసి చక్రాల వెనక నుంచి బయటికి పోతున్నాయో లేదో చూసుకుంటే చాలు. ఆ పక్కనే ఇంజను వైపు నుంచి క్యాబిన్‌లోకి వైర్ల కట్ట దూరే చోట కన్నాన్ని మూసే రబ్బరు కడియం, గ్రోమెట్ అంటారు, ఉంటుంది. ఎవరైనా తర్వాత లైట్లో, హారనో, మ్యూజిక్ సిస్టమో పెట్టి ఆ గ్రోమెట్ పక్కనుంచి కొత్త వైరు దూర్చి ఉంటే ఆ వైరు పట్టుకునే నీళ్ళు లోపలికి వస్తాయి. సన్‌రూఫ్ గురించి మీరేమీ రాయలేదు, ఉంటే దాని మూలల్లో సన్నని డ్రెయిన్ పైపులుంటాయి, వాటిని ఎయిర్ కంప్రెసర్‌తో ఊదనివ్వకండి, లోపల జాయింట్లు ఊడిపోయి ఉన్న లీకు ఇంకా పెద్దదవుతుంది.

వెనకవైపు మాత్రం కాస్త నిదానంగా చూడాలి, ఎందుకంటే పికప్‌ల అసలు బలహీనత అక్కడే. వెనక అద్దం పైన ఉండే ఆ మూడో బ్రేక్ లైటుని చాలా కార్లలో అద్దం లోపలివైపు పెడతారు. చాలా పికప్‌లలో క్యాబిన్ వెనక గోడకి, కప్పు అంచు కింద, రేకుకి కన్నం చేసి బయట బిగిస్తారు. లైటుకీ రేకుకీ మధ్య ఉన్న నురుగు గ్యాస్కెట్ ఏళ్ళ తరబడి ఎండకి ఎండి, అణిగిపోయి, చీలుతుంది. అక్కడ దిగిన నీరు వెనక గోడకి అంటుకుని లైనింగ్ వెనకగా, సీటు వెనకగా జారి సరిగ్గా మీరు చెప్పిన చోటికే వస్తుంది. కాబట్టి మీ కంట పడిన ఆ పాత సిలికాన్ నాకూ అనుమానంగానే ఉంది, అయితే మీ బావగారి మీద కాదు, ఆ లైటు మీద. వెనక అద్దం జరిపే రకం అయితే అది రెండో అనుమానం. దాని కింది పట్టాలో నీరు బయటికి పోవడానికి చిన్న కన్నాలుంటాయి, దుమ్ముతో పూడిపోతే పట్టా నిండి లోపలికి పొర్లుతుంది. ప్లాస్టిక్ ఫ్రేము మూలల్లో చీలినా అంతే. క్యాబిన్ వెనక గోడలో కింద, లోపలి గాలి బయటికి పోవడానికి రబ్బరు రెక్కలున్న వెంట్లు ఉంటాయి, వాటి చుట్టూ సీలు పోయినా తడి సీటు వెనకే కనిపిస్తుంది. కప్పు మీద యాంటెన్నా పునాది, క్యారియర్ బోల్టులు, కప్పు రేకూ పక్క రేకూ కలిసే గాడిలో పగిలిన సీమ్ సీలర్ (అతుకుని మూసే పూత), ఇవి కూడా ఉన్నాయి. గాడిలో ప్లాస్టిక్ పట్టీ ఉంటే దాన్ని ఎత్తి చూడాలి, పగుళ్ళు దాని కిందే దాగి ఉంటాయి.

తలుపుల గురించి ఒక మాట, ఎందుకంటే మీరు బీడింగ్ మార్పించారు. కిటికీ అద్దం పక్కనుంచి తలుపు లోపలికి నీరు దిగడం మామూలే, తలుపుల తయారీయే అలా ఉంటుంది. ఆ నీరు తలుపు అడుగున ఉన్న కన్నాల్లోంచి బయటికి పోవాలి. లోపలి ప్యానెల్ వెనక జిగురుతో అంటించిన ప్లాస్టిక్ షీటు దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వదు. స్పీకరు మార్చినప్పుడో, పవర్ విండో రిపేరు చేసినప్పుడో ఆ షీటు పీకి సరిగ్గా అంటించకపోతే బీడింగ్ ఎంత కొత్తదైనా నీరు దాని లోపలివైపు నుంచే కారుతుంది. తలుపు ప్యానెల్ కింది అంచు తడిగా ఉందా, గడప ప్లాస్టిక్ మీద చారలున్నాయా చూడండి. బీడింగ్ మీద అనుమానం తీరాలంటే ఒక కాగితం ముక్క పెట్టి తలుపు వేసి లాగండి, చుట్టూ ఒకే బిగువుతో రావాలి, ఒకచోట ఊరికే జారి వచ్చేస్తే అక్కడ పట్టు లేదు.

ఇన్ని అనుమానాలు చెప్పానని అన్నిటికీ ఒకేసారి సీలెంట్ పూసేయకండి. చుక్క లోపలికి రావడం కంటితో చూసేదాకా సీలెంట్ ట్యూబు మూత కూడా తీయొద్దు. మీరు ఇప్పటిదాకా పెట్టిన డబ్బంతా వృథా అయింది ఈ ఒక్కటి జరగకే.

చూడటం ఎలాగంటే, ఒక సెలవు రోజు పెట్టుకోండి, ఇద్దరు కావాలి. బండి చదునైన చోట నిలపండి. వెనక సీటు కింది భాగం, వెనక గోడ మీద కప్పిన గుడ్డ లేదా ప్యానెల్ తీయండి, కార్పెట్ ఎత్తండి. లోపల రేకు కనబడాలి. మూలల ప్యానెళ్ళు, రూఫ్ లైనింగ్ లాగేముందు ఆగండి. పక్కల కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లు ఉన్న బండి అయితే అవి ఆ అంచులోనే మడిచి ఉంటాయి. అక్కడ చేయి పెట్టాలంటే ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు తీసి, బండి మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగాలి. అది మీకు ధైర్యం చాలకపోతే ఆ ఒక్క పనీ తెలిసినవాళ్ళతో చేయించండి. లైనింగ్ వెనక అంచు కాస్త కిందికి దిగి, లైటు వెనకభాగం కనిపిస్తే చాలు, మొత్తం ఊడదీయక్కర్లేదు.

తర్వాత రేకుని పొడిగుడ్డతో తుడిచి, అనుమానం ఉన్నచోట్ల కింద టాల్కం పౌడరు పల్చగా చల్లండి. ఒకరు లోపల టార్చితో కూర్చోవాలి, తలుపులు అద్దాలు అన్నీ మూసేయాలి. రెండోవాళ్ళు బయట మామూలు తోట పైపుతో, నాజిల్ లేకుండా, వాన జారినట్టు మెల్లగా నీరు వదలాలి. ప్రెషర్ వాషర్ వాడొద్దు, ఆ జోరుకి బాగున్న సీలులోంచి కూడా నీరు దూరి తప్పుడు కన్నం చూపిస్తుంది. కింద నుంచి మొదలుపెట్టి పైకి వెళ్ళాలి. పైనుంచి మొదలుపెడితే నీరు అన్నిటిమీదా ఒకేసారి జారుతుంది, చుక్క కనిపించినా ఎక్కడిదో తెలియదు. వెనక గోడ వెంట్ల దగ్గర ఒక 10 నిమిషాలు, తర్వాత అద్దం కింది అంచు, పక్కలు, పై అంచు, ఆ తర్వాతే బ్రేక్ లైటు, చివరికి కప్పు గాడులు, యాంటెన్నా. ఇక్కడే చాలామందికి ఓపిక చాలదు. రెండు నిమిషాలు పోసి ఏమీ రాలేదని పైకి వెళ్ళిపోతారు, కింద పోసిన నీరు అప్పటికి లోపల చేరి, పైన పోస్తున్నప్పుడు బయటపడుతుంది, నేరం పైదాని మీద పడుతుంది. పౌడరు మీద సన్నని గీత పడటం మొదలవగానే లోపలివాళ్ళు కేకేయాలి, ఫోన్‌తో వీడియో తీయాలి. గీత పట్టుకుని పైకి వెళ్తే మొదలు దొరుకుతుంది. ఒకటి దొరికింది కదా అని ఆపేయకండి, ఆ చోటుని వెడల్పాటి టేపుతో మూసేసి మిగతావి కూడా పూర్తి చేయండి.

నీటితో తేలకపోతే ఇంకో ఉపాయం ఉంది. బ్లోయర్ పూర్తి వేగంలో పెట్టి, బయటి గాలి లోపలికి తీసుకునేలా స్విచ్ మార్చి, తలుపులన్నీ మూసి, వెనక గోడ వెంట్లని లోపలినుంచి టేపుతో మూసేయండి. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. ఇప్పుడు బయట అద్దం అంచులకీ, లైటు చుట్టూ, గాడులకీ సబ్బునీళ్ళు పూస్తే సీలు పోయినచోట బుడగలు లేస్తాయి. టేపు తర్వాత తీయడం మరిచిపోకండి.

బ్రేక్ లైటే అని తేలితే మీ అదృష్టం, ఇంట్లో చేసుకునే పనుల్లో తేలికైనది అదే. సాధారణంగా స్క్రూలు తీస్తే లైటు ఊడొస్తుంది, బల్బు సాకెట్ తప్పించి పక్కన పెట్టుకోవచ్చు. మీ బండిలో మాత్రం పాత సిలికాన్ అంటుకుని ఉంటుంది కాబట్టి మెల్లగా ప్లాస్టిక్ గరిటెతో వదిలించాలి, స్క్రూడ్రైవరుతో ఎత్తితే రంగు లేచిపోయి అక్కడినుంచి తుప్పు మొదలవుతుంది. సిలికాన్ చివరి పొర దాకా గీకి స్పిరిట్‌తో తుడవాలి. ఇది విసుగొచ్చే పని, కానీ ఇదే అసలు పని. సిలికాన్ పొర మీద ఇంకే సీలెంటూ పట్టదు, కొత్త సిలికాన్ కూడా సరిగ్గా పట్టదు, రంగూ పట్టదు. మీ మెకానిక్ చేసిన రిపేరు కొన్నాళ్ళు ఆగి పోవడానికి ఇలాంటిదే కారణం కావచ్చు, మట్టి పట్టిన అంచు మీద పైపైన పూస్తే అది అంటుకున్నట్టే కనిపిస్తుంది, లోపలికి మాత్రం దిగదు. పైగా పులుపు వాసన వచ్చే రకం సిలికాన్ ఆరేటప్పుడు ఆమ్లం వదులుతుంది, అది రేకుకి మంచిది కాదు. లైటుకి కొత్త గ్యాస్కెట్ దొరికితే అదే వేయండి, లేకపోతే బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ), అది ఏళ్ళ తరబడి మెత్తగానే ఉండి రేకు కదలికలకి సాగుతుంది, మళ్ళీ తీయాలన్నా రంగు పాడవదు. స్క్రూలు ప్లాస్టిక్ పగిలేంత బిగించకండి. కప్పు గాడుల్లో పగుళ్ళయితే పాలీయురేథేన్ సీమ్ సీలర్ వాడాలి, కింద తుప్పు ఉంటే గీకి ప్రైమరు కొట్టాకే. తుప్పు మీద సీలెంట్ పూస్తే లోపల నీరు బందీ అయి రేకుని తింటూనే ఉంటుంది.

ముందు అద్దం అని తేలితే మీరు చేయి పెట్టకండి. ఆ అద్దాన్ని రేకుకి యురేథేన్ జిగురుతో అంటిస్తారు. బండి బోర్లా పడినప్పుడు కప్పు నలిగిపోకుండా కాచేవాటిలో అదొకటి, చాలా బండ్లలో పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునేటప్పుడు ఆనుకునేది కూడా దానికే. నీరు దూరుతోందంటే అక్కడ జిగురు వదిలిందనో, కింద రేకు తుప్పు పట్టిందనో అర్థం. అద్దం ఇదివరకు ఎప్పుడైనా మార్చి ఉంటే, మార్చినప్పుడు కత్తి గీతలు పడి రంగు పోయినచోట తుప్పు పట్టడం తరచూ జరిగేదే. అద్దాల పని తెలిసినవాళ్ళ దగ్గర దించి, తుప్పు తీయించి, కొత్త జిగురుతో పెట్టించాలి. బండి ఎంతసేపటి తర్వాత నడపొచ్చో అడిగి అంతసేపూ కదపకుండా ఉంచాలి.

ఇక మీ ముందున్న దారులు. ఒకటి, పైన చెప్పినట్టు మీరే వెతికి, చిన్నదైతే మీరే మూసి, పెద్దదైతే అప్పగించడం. ఒక రోజంతా పోతుంది, నడుం నొప్పి పుడుతుంది, కానీ రిపేరుకి ఇచ్చినా "ఇదిగో ఇక్కడ" అని వీడియో చూపించగలుగుతారు, వాళ్ళు ఊహ మీద పనిచేసే అవసరం రాదు. మీ పరిస్థితిలో నాకు ఇదే మేలనిపిస్తోంది. రెండోది, మొదటినుంచీ తెలిసినవాళ్ళకే ఇచ్చేయడం. మీకు తీరిక లేకపోతే తప్పేమీ కాదు, కాకపోతే ఒప్పుకునేముందు ఒక్కటి అడగండి, పని అయ్యాక నా ఎదురుగా నీళ్ళు పోసి చూపిస్తారా అని. సరేనన్నవాళ్ళకే ఇవ్వండి. మూడోది, ఇప్పటికి పైన కవరు కప్పి నెట్టుకురావడం. కొన్ని వారాలకి పనికొస్తుంది, వానాకాలమంతా కాదు. అప్పటికే తడిసిన కార్పెట్ కవరు కింద ఆరదు, నేల రేకు లోపలినుంచి తుప్పు పడుతుంది, అది బయటపడేసరికి ఖర్చు లీకుతో ఆగదు. నాలుగోది, అమ్మేయడం. అమ్మండి, అది మీ ఇష్టం, కానీ లీకు సంగతి కొనేవాళ్ళకి చెప్పి అమ్మండి. చెబితే ధర తగ్గుతుంది, ఆ తగ్గేది ఒక్కోసారి బాగు చేయించే ఖర్చు కన్నా ఎక్కువే ఉంటుంది, ఆ లెక్క ముందే వేసుకోండి. చెప్పకుండా అమ్మితే, మీ బావగారు మీకు చేశారని మీరు అనుకుంటున్న పనే మీరు ఇంకొకరికి చేసినట్టవుతుంది.

బావగారి మాట వచ్చింది కాబట్టి అదీ చెబుతాను. ఆ పాత సిలికాన్ ఒక్కటే చెబుతోంది, ఎవరో ఎప్పుడో అక్కడ లీకు ఉందని అనుకున్నారు. ఆయనా కావచ్చు, ఆయనకి ముందు నడిపినవాళ్ళూ కావచ్చు. ఆయనే పూయించి ఉన్నా, మీరు ముందు అద్దానికి పూయించి తగ్గిందనుకున్నట్టే ఆయనా తగ్గిందనుకుని ఉండొచ్చు. తెలిసి దాచి ఉండే అవకాశం కూడా ఉంది, లేదనను. కానీ మీరు నేరుగా ఆయన్ని ఒక్క మాట కూడా అడగలేదు, అన్నదంతా మీ ఆవిడతో. ఆవిడ ఏం చేయగలదు? అన్నని వెనకేసుకొస్తే మీతో గొడవ, మీ మాట ఒప్పుకుంటే అన్నతో. ముందు ఆవిడతో, "మీ అన్నయ్య గురించి తేల్చుకోకుండా అలా అనకుండా ఉండాల్సింది" అని చెప్పండి. దానికి లీకు దొరికేదాకా ఆగక్కర్లేదు.

బావగారికి మీరే ఫోన్ చేయండి. "నాకెందుకు చెప్పలేదు" అని మొదలుపెడితే మాట అక్కడే తెగిపోతుంది. "బావా, వానకి వెనక సీటు కింద నీళ్ళొస్తున్నాయి, మీ దగ్గరున్నప్పుడు ఎప్పుడైనా వచ్చాయా, ఆ బ్రేక్ లైటు దగ్గర ఏమైనా చేయించారా" అని అడగండి. నిజంగా ఆ సమాచారం మీకు కావాలి కూడా. ఎప్పుడు పూశారు, అంతకుముందు తడి ఎక్కడ వచ్చేది, పూశాక ఎన్నాళ్ళు ఆగింది, ముందు అద్దం ఎప్పుడైనా మార్చారా, ఇవి తెలిస్తే మీ వెతుకులాట సగం తగ్గుతుంది. ఆయన ఒప్పుకుంటే ఖర్చులో పాలు అడగాలా వద్దా అన్నది మీ ఇద్దరి మధ్య ఉన్న చనువుని బట్టి మీరే తేల్చుకోవాలి. అడిగితే డబ్బు కొంత వస్తుంది, మాట పడే ప్రమాదమూ ఉంది. అడగకపోతే డబ్బు మీదే పోతుంది, కానీ తర్వాత ప్రతి పండక్కీ దాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడేట్టయితే ఇప్పుడే అడగడం నయం. ఆయన దగ్గరలో ఉంటే నీళ్ళు పోసే రోజు రమ్మని పిలవండి, బయట పైపు పట్టుకోవడానికి ఎలాగూ ఇంకో మనిషి కావాలి.

లోపల ఆరబెట్టడం లీకు వెతకడంతో పాటే మొదలుపెట్టాలి. కార్పెట్ పైన పొడిగా తగిలినా మోసపోకండి, దాని కింద దళసరి స్పాంజి ఉంటుంది, అది వారాల తరబడి నీటిని పట్టుకుంటుంది. మీకొస్తున్న వాసన, అద్దాల మీద ఆవిరి అక్కడివే. వీలైతే కార్పెట్ మొత్తం బయటికి తీసి నిలబెట్టి ఆరబెట్టండి, స్పాంజిలోకి బూజు దిగి ఉంటే దాన్ని కడిగి లాభం లేదు, మార్చేయాలి. సెంటు బుడ్లు వేలాడదీయడం వల్ల బూజు పోదు. పిల్లాడిని అప్పటిదాకా ఆ వెనక సీట్లో ఎక్కువసేపు కూర్చోబెట్టకండి, దగ్గు, ఆయాసం లాంటివి ఉంటే డాక్టరుకి చూపించండి. నేల రేకులో నీరు నిలిస్తే పోవడానికి కన్నం చేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. చాలా బండ్లకి నేలలో రబ్బరు బిరడాలు ఉంటాయి, ఒకటి తీసి నీరు వదిలి మళ్ళీ గట్టిగా పెట్టేయొచ్చు.

లీకు మూశాక వెంటనే కార్పెట్ పరిచి సీటు బిగించేయకండి. సీలెంట్ ఆరే సమయం డబ్బా మీద రాసి ఉంటుంది, అంతా ఆరాక మళ్ళీ పైపుతో అదే వరసలో పోసి చూడండి, ఆ తర్వాత ఒక గట్టి వాన పడేదాకా వెనక భాగం అలాగే తెరిచి ఉంచండి. సీటు తీసి ఉన్నన్నాళ్ళు వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. సీటు బోల్టులు, సీటు బెల్టు బోల్టులు తిరిగి పెట్టేటప్పుడు మాన్యువల్‌లో చెప్పిన బిగువుతో బిగించమని వర్క్‌షాపులో చెప్పండి, ఎయిర్‌బ్యాగ్ స్కాన్ కూడా అప్పుడే రెండోసారి చేయించండి. నీళ్ళు పోసినప్పుడు గీత ఎక్కడ మొదలైందో రాసి పంపండి, ఒకవేళ కప్పు గాడి అని తేలితే అందులో సీలరు ఎంతవరకు గీకాలో, ఎక్కడ ఆపాలో ఫోటో చూసి చెబుతాను.